పతకం అంచు మీది పేరు: కల్హేర్ ప్రాంత కుటుంబ వారసత్వ అధ్యయనానికి ఒక పద్ధతి

ప్రతిపాదన

కల్హేర్ ప్రాంతం 1948 సెప్టెంబరు వరకు నిజాం రాజ్యంలో ఉంది. ఇక్కడి ఏ ఇంట్లోనైనా అప్పటి యుద్ధ పతకం ఉంటే దాన్ని ముందు పత్రంగా చదవాలి. వెండా, కంచా, ఎంత పలుకుతుందన్నది తరువాతి మాట. ఇంటివారి జ్ఞాపకం తోడు లేకుండా మ్యూజియం చేరిన పతకం సగం చరిత్రనే చెబుతుందని ఈ వ్యాసం వాదన.

అంచు చెప్పే సాక్ష్యం

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ వెడల్పు 36 మిల్లీమీటర్లు. ఒకవైపు ఐదవ జార్జి ముఖం. రెండోవైపు శత్రువు డాలును గుర్రం డెక్కల కింద తొక్కిస్తున్న రౌతు, 1914, 1918 అంకెలు. సిపాయిలకు వెండిది ఇచ్చారు. బరువులు మోసి, బాటలు వేసిన లేబర్ కోర్ కూలీలకు కంచుది. ఆ మనిషి ఏ కొలువు చేశాడో లోహమే కొంత చెబుతుంది. మిగతాది అంచు మీద ఉంటుంది: నంబరు, హోదా, పేరు, దళం. మెరుగు పెట్టినకొద్దీ ఆ అక్షరాలు అరిగిపోతాయి.

అంచు మీద హైదరాబాద్ అని కనిపించగానే నిజాం సైన్యమని తేల్చేయకూడదు. హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు నిజాం సొంత అశ్వదళం. 1918లో పాలస్తీనాలో జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లతో ఒకే బ్రిగేడ్‌లో ఉన్నారు. సెప్టెంబరు 23న హైఫాపై దాడి నడిపింది మాత్రం ఆ రెండు దళాలే. ఢిల్లీ తీన్‌మూర్తి స్మారకంలోని మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల సైనికులకు గుర్తు.

1922లో ఏర్పడిన 19వ హైదరాబాద్ రెజిమెంట్ సంగతి వేరు. దాని మూలాలు పాత హైదరాబాద్ కంటింజెంటులో ఉన్నా, అది బ్రిటిష్ ఇండియా సైన్యానిది. కుమావూనీలు, అహిర్లు, జాట్లు అందులో పెద్ద సంఖ్యలో ఉండేవారు. 1945లో అది కుమావూన్ రెజిమెంట్ అయింది. తొలి పరమవీర చక్ర గ్రహీత మేజర్ సోమ్‌నాథ్ శర్మ ఉద్యోగం మొదలుపెట్టింది ఆ రెజిమెంట్‌లోనే. అందుకే దళం పేరు ఒక్కటే మనిషి ఊరిని చెప్పదు. ఊరిని చెప్పవలసింది ఇంటివారు.

ఇల్లు, మ్యూజియం

ఇంట్లో పతకానికి ముప్పు పేదరికం. వెండి ధర పెరిగినప్పుడు అది అవుసలి కొలిమికి చేరవచ్చు. మ్యూజియంలో ముప్పు మౌనం: పేరు, సంవత్సరం రాసిన చీటీతో కథ ముగుస్తుంది. 1972 నాటి ప్రాచీన వస్తువుల చట్టం వందేళ్లు దాటిన చారిత్రక వస్తువుల ఎగుమతిని నియంత్రిస్తుంది. మొదటి యుద్ధపు పతకాలకు ఆ వయసు వచ్చింది. అయితే వస్తువును కాపాడే చట్టం జ్ఞాపకాన్ని కాపాడలేదు.

లాహోర్ మ్యూజియంలోని పాత రిజిస్టర్ల ద్వారా పంజాబ్ సైనికులు 3,20,000 మంది వివరాలు 2021లో వెలుగుచూశాయి. ఊరివారీ నమోదుకు ఉన్న బలం అది. ఇక్కడ ఆ పని ఇళ్ల నుంచే మొదలుకావాలి. పతకాన్ని రుద్దకూడదు. ఒకే మనిషి పతకాలను విడదీయకూడదు. అంచు చుట్టూ ఫొటోలు తీసి, డిశ్చార్జి పుస్తకాన్ని, పింఛను కాగితాలను వాటితోపాటే ఉంచాలి. ఎవరి చేతి నుంచి ఎవరికి వచ్చిందో పెద్దల మాటల్లోనే రాసుకోవాలి. ఈ రాత లేనిదే మ్యూజియం ఏ పతకాన్నీ స్వీకరించకూడదు.