డిగ్రీ కాలేజీలో చేరుతున్నారా? కాగితాల నుంచి క్లాసు దాకా తెలుసుకోవాల్సిన విషయాలు

ఇంటర్ పాసై డిగ్రీలో సీటు రాగానే చాలా ఇళ్లలో "హమ్మయ్య, పని అయిపోయింది" అనుకుంటారు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. బాగా చదివే పిల్లలు కూడా ఆధార్‌లో ఒక్క అక్షరం తేడా వల్లో, గడువు దాటిన దరఖాస్తు వల్లో, హాజరు తగ్గడం వల్లో ఏడాది పోగొట్టుకుంటుంటారు. తెలంగాణలో డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరే విద్యార్థులు, వారి తల్లిదండ్రులు ముందే చూసుకోవాల్సిన విషయాలు ఇవి.

సీటు ఖాయం చేసుకోవడం

తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి 'దోస్త్' అనే ఆన్‌లైన్ విధానంలో జరుగుతున్నాయి. సీటు వచ్చినట్టు మెసేజ్ వస్తే సరిపోదు. గడువులోగా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి, ఆ తర్వాత చెప్పిన తేదీల్లో కాలేజీకి వెళ్లి రిపోర్ట్ చేయాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా సీటు చేజారుతుంది. ఇంటర్నెట్ సెంటర్‌లో దరఖాస్తు చేయించినవారు దోస్త్ ఐడీ, పిన్ నంబర్ తమ దగ్గర రాసి పెట్టుకోవాలి. సెంటర్ వాళ్ల ఫోన్ నంబర్ ఇచ్చి వస్తే మెసేజ్‌లు వాళ్లకే వెళ్తాయి.

పేరులో ఒక్క అక్షరం

ముస్లిం కుటుంబాల్లో తరచూ ఎదురయ్యే చిక్కు ఇదే. పదో తరగతి మెమోలో 'మహమ్మద్' అని పూర్తిగా, ఆధార్‌లో 'ఎండీ' అని, బ్యాంకు పుస్తకంలో 'మొహద్' అని ఉంటుంది. షేక్ అనే మాటకు ఇంగ్లిష్‌లో రెండు మూడు స్పెల్లింగులు ఉంటాయి. ఆడపిల్లల పేర్లలో బేగం, సుల్తానా, ఫాతిమా ఒక కాగితంలో ఉండి మరో కాగితంలో ఉండవు. ఇంట్లో అందరికీ అది ఒకే మనిషి పేరే, కానీ కంప్యూటర్‌కు మాత్రం ఇద్దరు వేర్వేరు మనుషులు.

చదువుకు సంబంధించి పదో తరగతి మెమోలో ఉన్న పేరు, పుట్టిన తేదీనే ఆధారంగా తీసుకుంటారు. కాబట్టి ఆధార్‌ను, బ్యాంకు ఖాతాను మెమో ప్రకారం మార్పించుకోవడం తేలిక. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం మామూలుగా రెండుసార్లే, పుట్టిన తేదీకి ఒక్కసారే. అందుకే మెమో ముందు పెట్టుకుని, స్పెల్లింగ్ అక్షరం అక్షరం సరిచూసుకున్నాకే సంతకం చేయాలి. బ్యాంకు ఖాతా విద్యార్థి పేరు మీదే ఉండాలి, దానికి ఆధార్ లింక్ అయి ఉండాలి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గర ఉండాలి?

మార్కుల మెమోల వంటి ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు పరిశీలించి వెంటనే విద్యార్థికి తిరిగి ఇవ్వాలని, తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లో స్పష్టంగా చెప్పింది. టీసీ మాత్రం చేరేటప్పుడు కాలేజీకి ఇవ్వాల్సి వస్తుంది. ఏది ఇచ్చినా ముందు నాలుగైదు జిరాక్సులు తీసుకోవాలి, ఇచ్చినట్టు రసీదు అడగాలి. అడగడానికి మొహమాటపడాల్సిన పనిలేదు. తర్వాత కాలేజీ మారాలన్నా, ఉద్యోగానికి వెళ్లాలన్నా ఆ కాగితాలే కావాలి.

బీసీ-ఈ, ఈడబ్ల్యూఎస్: ఏది ఎవరికి?

ముస్లింలలో సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ 2007 నుంచి ఉంది. షేక్, ఖురేషీ, ఫకీర్, అత్తర్ సాయిబులు, సిద్ది వంటి వర్గాలు ఇందులోకి వస్తాయి. దూదేకుల, నూర్‌బాషా వర్గాలు బీసీ-బీలో, మెహతర్లు బీసీ-ఏలో ఉన్నారు. సయ్యద్, మొఘల్, పఠాన్ వంటి వర్గాలకు బీసీ-ఈ వర్తించదు. అలాంటివారి కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండి మిగతా షరతులు సరిపోతే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. చాలామందికి ఈ సంగతి తెలియక ఓపెన్ కోటాలోనే పోటీ పడుతుంటారు.

ఇంకో మాట. బీసీ-ఈ రాష్ట్ర జాబితాలోది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వంటి కేంద్ర సంస్థల్లో ఓబీసీ కోటాకు కేంద్ర జాబితా చూస్తారు. అక్కడ తమ వర్గం పేరు ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ఫీజు రీయింబర్స్‌మెంట్

మైనారిటీ విద్యార్థులు ఈ-పాస్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేసుకోవాలి. కుటుంబ వార్షికాదాయం గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. ఆదాయ సర్టిఫికెట్‌కు మీసేవలో దరఖాస్తు చేస్తే తహసీల్దార్ కార్యాలయం ఇస్తుంది. కాలేజీలు తెరిచాక అక్కడ రద్దీ పెరుగుతుంది కాబట్టి ముందే తెచ్చుకోవడం మేలు.

మొదటి ఏడాది కొత్త దరఖాస్తు, తర్వాత ప్రతి ఏడాదీ రెన్యువల్ చేయాలి. ఒకసారి చేస్తే మూడేళ్లూ వస్తుందనుకోవడం పొరపాటు. ఆన్‌లైన్‌లో నింపి ఊరుకోకుండా, ప్రింటు తీసి పత్రాలు జతచేసి కాలేజీలో ఇవ్వాలి. ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైనప్పుడు కొన్ని కాలేజీలు విద్యార్థులనే ఫీజు కట్టమంటాయి. అందుకే చేరే రోజే ట్యూషన్ ఫీజు ఎంత, రీయింబర్స్‌మెంట్‌లోకి రాని ఖర్చులు ఏవి అని అడిగి రాసుకోవాలి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు దాచుకోవాలి.

హాజరు లెక్క

పరీక్ష రాయడానికీ, స్కాలర్‌షిప్‌కూ 75 శాతం హాజరు కావాలి. సెమిస్టర్‌లో 90 పనిదినాలుంటే కనీసం 68 రోజులు వెళ్లాలి. అంటే మానడానికి ఉండేది 22 రోజులే. జ్వరం, చుట్టాల పెళ్లి, పండగకు ఊరెళ్లడం అన్నీ ఈ 22లోనే రావాలి. జుమా నమాజ్ వేళకు క్లాసు ఉంటే చెప్పకుండా మానేయకుండా, మొదటి వారంలోనే లెక్చరర్‌తో మాట్లాడుకోవాలి. సాయంత్రం దుకాణంలోనో, డెలివరీ పనిలోనో చేరేవారు కూడా ఉదయం క్లాసులు పోకుండా చూసుకోవాలి.

ఉర్దూ, తెలుగు మీడియం నుంచి వస్తే

పాఠాలు ఇంగ్లిష్‌లో మొదలయ్యేసరికి మొదటి నెల ఏమీ అర్థం కానట్టే ఉంటుంది. అది తెలివి తక్కువై కాదు, మాటలు కొత్తవి కావడం వల్ల. ఒక నోట్‌బుక్‌లో మూడు గీతలు గీసి ఇంగ్లిష్ మాట, ఉర్దూ లేదా తెలుగు మాట, దాని అర్థం రాసుకోవాలి. రోజుకు పది మాటలు రాసినా నెలకు మూడు వందలు అవుతాయి. సెకండ్ లాంగ్వేజ్‌గా ఉర్దూ కావాలనుకునేవారు ఆ కాలేజీలో ఉర్దూ లెక్చరర్ ఉన్నారో లేదో ముందే కనుక్కోవాలి.

ర్యాగింగ్ ఎదురైతే

ర్యాగింగ్ నేరం. దీనిపై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం వచ్చింది, యూజీసీ నిబంధనలు 2009లో వచ్చాయి. పేరును, గడ్డాన్ని, హిజాబ్‌ను, భాషను ఎగతాళి చేయడం కూడా "సరదా" కిందకు రాదు. 1800-180-5522 నంబర్‌కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. అమ్మీ అబ్బాకు చెబితే చదువు మాన్పిస్తారని పిల్లలు చాలాసార్లు దాచిపెడతారు. "ఏం జరిగినా చెప్పు, చదువు మాత్రం ఆపం" అని పెద్దలే ముందు మాటివ్వాలి.

ఆడపిల్లల చదువు

కాలేజీ దూరమని ఆడపిల్లల చదువు ఇంటర్‌తో ఆపేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. ఛార్జీల భారం లేదు కాబట్టి బస్సు వేళలు, తోడుగా వెళ్లే స్నేహితులు, క్లాసులు ముగిసే సమయం తల్లిదండ్రులు ఒకసారి వెళ్లి స్వయంగా చూసుకుంటే సగం భయం పోతుంది. పెళ్లి సంబంధం కుదిరినా డిగ్రీ పూర్తిచేయించే విషయం పెద్దల సమక్షంలో ముందే మాట్లాడుకోవడం మంచిది.

ఈ వారంలోనే ఒక ఫైలు కొని మెమోలు, కుల, ఆదాయ సర్టిఫికెట్లు, ఆధార్, బ్యాంకు పుస్తకం జిరాక్సులు, రసీదులు అన్నీ అందులో పెట్టాలి. ఆ ఫైలు ఎక్కడుందో విద్యార్థితో పాటు ఇంట్లో ఇంకొకరికి కూడా తెలియాలి.