బుఱ్ఱకథయు నభ్యుదయవాదులును

కళ వర్గసమాజమున బుట్టినదనియు, అందు పాలకవర్గముయొక్క భావములే ప్రబలముగా నుండుననియు మార్క్సువాదుల మతము. ఈ మతము నంగీకరించినవారికి పూర్వకళల విషయమున నొక చిక్కు తప్పదు. వానిని విసర్జింపవలెనా, స్వీకరింపవలెనా? రష్యాదేశమున శ్రామికసంస్కృతిని సర్వము నూతనముగా నిర్మింపవలెనని ప్రొలెట్‌కల్ట్ సంస్థవారిలో కొందఱు వాదింపగా, 1920 వ సంవత్సరమున లెనిన్ దానిని ఖండించి, పూర్వసంస్కృతిలోని సారమును గ్రహించియే ముందునకు బోవలెనని నిర్ణయించెను. ఆంధ్రదేశమున నీ సమస్య యెట్లు పరిష్కృతమయ్యెనో బుఱ్ఱకథ చరిత్రము తెలుపుచున్నది.

1936 వ సంవత్సరమున లక్నోనగరమున ప్రేమ్‌చంద్ అధ్యక్షతను అఖిలభారత అభ్యుదయ రచయితల మహాసభ జరిగెను. 1943 లో తెనాలియందు ఆంధ్ర అభ్యుదయ రచయితలు సమావేశమైరి. ఆ సంవత్సరముననే బొంబాయిలో భారత ప్రజానాట్యసంఘము వెలసెను. దాని శాఖగా ఆంధ్రమున ప్రజానాట్యమండలి యేర్పడెను. మండలివారు చేపట్టిన కళారూపములలో బుఱ్ఱకథ ముఖ్యమైనది.

ఈ రూపము వారు కల్పించినది కాదు. జంగములు తంబుర మీటుచు ఊరూర దిరిగి చెప్పుచుండిన జంగముకథయే దీనికి మూలము. కథకునకు వంతపాడువా రుందురు. వారు నడుమనడుమ కథకుని బ్రశ్నింతురు. మండలివారి ప్రదర్శనములలో నొక వంత హాస్యమును, వేఱొక వంత రాజకీయవ్యాఖ్యను నిర్వహించెను. తెరలు, భవనములు అక్కఱలేదు. మువ్వురు మనుష్యులును, ఊరి నడుమ నింత చోటును జాలును. అంతకంటె ముఖ్యమైన దేమనగా, వంత ప్రశ్నించినపుడు పాతకథలోనికి నేటి లోకము ప్రవేశించుటకు సందు గలుగును. పద్యనాటకమున కిట్టి వెసులుబాటు లేదు.

ఇది ప్రచారమే గాని కళ కాదని యాక్షేపించినవారు గలరు. ఆ యాక్షేపము నిరాధారము గాదు. ఆనాటి రాజకీయావసరములకై కట్టిన కథలు పెక్కు ఆ యవసరములతోనే మఱుగుపడెను. కాని ప్రచారోద్దేశమే కళకు దోషమైనచో, వీరశైవమును వ్యాపింపజేయుటకై జానుతెనుగును ద్విపదను జేపట్టిన పాల్కురికి సోమనాథుని గతి యేమి? బసవపురాణము మతప్రచారమునకై పుట్టియు కావ్యమై నిలిచినది. ఉద్దేశముచే గాక, రచనాశక్తిచేతనే నిలుకడ కలుగుచున్నదనుట స్పష్టము.

షేక్ నాజర్ కథలే ఇందుకు నిదర్శనము. ముస్లిము కుటుంబమున బుట్టిన యీ కళాకారుడు శైవభిక్షుకుల రూపమున పల్నాటి యుద్ధమును, బొబ్బిలి యుద్ధమును జెప్పి ప్రసిద్ధుడయ్యెను. 1986 లో భారతప్రభుత్వ మాతనిని పద్మశ్రీ బిరుదముతో సత్కరించెను. ప్రభుత్వములును తమ పథకముల ప్రచారమునకు బుఱ్ఱకథనే వాడుకొనినవి. జంగములకును, విప్లవవాదులకును, ప్రభుత్వమునకును సమానముగా నుపకరించిన రూపము ఏ యొక్క వర్గపు సొత్తనియు జెప్పరాదు. పూర్వకళ యంతయు పాలకవర్గముదే యను మాట యిచ్చట జెల్లదు.

అయినను ఒక ఋణము తీఱలేదు. కళ ప్రజలదని చాటినవారు దానిని నేర్చినది జంగములనుండి. ఆ జంగములలో పెక్కుమంది పేరులు మాత్రము చరిత్రమున కెక్కలేదు.