నాన్సీ డ్రూ ఎవరి బిడ్డ?

ఒక కలంపేరు వెనక ఇద్దరు స్త్రీలు, వాళ్ల వెనక రెండు వర్గాల పాఠకులు. నిజం కోర్టులో బయటపడింది, పాఠకుల చేతుల్లో నిలబడింది.

1980లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఒక వ్యాజ్యం నడిచింది. పైకి అది ప్రచురణ సంస్థల మధ్య హక్కుల తగాదా. మిల్‌డ్రెడ్ బెన్సన్ అనే 74 ఏళ్ల పాత్రికేయురాలు సాక్ష్యం చెప్పడానికి రావడంతో దాని లోపలున్న ప్రశ్న బయటికొచ్చింది. అమెరికాలో తరాల తరబడి ఆడపిల్లలు దిండు కింద పెట్టుకుని చదివిన నాన్సీ డ్రూ నవలలను అసలు రాసిందెవరు? అట్టల మీద ఉన్న పేరు కరోలిన్ కీన్. ఆ పేరుగల మనిషి ఏనాడూ లేదు. ఆ పేరు తనదేనంటూ వచ్చిన 87 ఏళ్ల హ్యారియెట్ స్ట్రాటమైయర్ ఆడమ్స్ కూడా అదే కోర్టులో ఉన్నారు. మిల్‌డ్రెడ్‌ను చూసి ఆవిడ, "మీరు చనిపోయారనుకున్నాను" అన్నారని నాన్సీ అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

పుస్తకాల కర్మాగారం

ఈ తగాదాకు బీజం హ్యారియెట్ తండ్రి ఎడ్వర్డ్ స్ట్రాటమైయర్ పెట్టిన వ్యాపార పద్ధతిలోనే ఉంది. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో ఆయన స్ట్రాటమైయర్ సిండికేట్ స్థాపించారు. కథ ఆయనే ఆలోచించి, కొన్ని పేజీల్లో క్లుప్తంగా రాసి ఎవరో ఒక రచయితకు పంపేవారు. రచయిత దాన్ని నవలగా పెంచి తిరిగి పంపితే ఆయన దిద్ది అచ్చుకిచ్చేవారు. టామ్ స్విఫ్ట్, హార్డీ బాయ్స్ అలా పుట్టినవే. రచయితకు ఒక్కసారి డబ్బు ముట్టేది. రాయల్టీ లేదు, హక్కు లేదు, పేరు లేదు. కలంపేరు సిండికేట్ సొత్తు. రాసేవాళ్లు మారినా సిరీస్ ఆగకూడదన్నది ఆ ఏర్పాటు.

నాన్సీ డ్రూ తొలి మూడు పుస్తకాలు 1930 ఏప్రిల్ 28న గ్రాసెట్ అండ్ డన్‌లాప్ సంస్థ ద్వారా వెలువడ్డాయి. సరిగ్గా పన్నెండు రోజులకు, మే 10న, ఎడ్వర్డ్ కన్నుమూశారు. తాను పుట్టించిన పిల్ల ఎంత పేరు తెచ్చుకుందో ఆయన చూడలేదు.

రాసిన చేయి, నడిపిన చేయి

ఆ మూడు నవలలు రాసింది అయోవా రాష్ట్రంలోని లడోరా అనే చిన్న ఊళ్లో పుట్టిన మిల్‌డ్రెడ్. అయోవా విశ్వవిద్యాలయంలో జర్నలిజంలో ఎం.ఏ. పట్టా అందుకున్న మొదటి విద్యార్థి ఆమే. ఒక్కో నవలకు ఆమెకు ముట్టింది 125 డాలర్లు. పుస్తకం వెల యాభై సెంట్లు, అంటే 250 ప్రతుల ధరతో ఆమె లెక్క సరి. మాంద్యం రోజుల్లో దాన్ని 75 డాలర్లకు తగ్గిస్తే ఆమె పక్కకు తప్పుకున్నారు. మధ్యలో మూడు పుస్తకాలు వాల్టర్ కేరిగ్ అనే ఆయన రాశారు. ఆ తర్వాత ఆమె తిరిగొచ్చి, మొదటి ముప్ఫై నవలల్లో మొత్తం 23 రాశారు. భర్త జబ్బుతో మంచంపట్టిన రోజుల్లోనూ ఆమె కలం ఆగలేదు.

ఆమె నాన్సీకి పదహారేళ్లు. నీలిరంగు రోడ్‌స్టర్ కారు వేసుకుని ఒంటరిగా బయల్దేరుతుంది. తాళం వేసిన గదికి భయపడదు, పెద్దవాళ్లకు ఎదురు సమాధానం చెప్పడానికి జంకదు. 1930ల ఆడపిల్లకు అలాంటి స్నేహితురాలు పుస్తకంలో తప్ప ఎక్కడా దొరకదు.

అలాగని హ్యారియెట్‌ను చిన్నచూపు చూడటం అన్యాయం. వెల్‌స్లీ కాలేజీలో చదువుకున్న ఆమె ఉద్యోగం చేయడానికి తండ్రి ఒప్పుకోలేదు. ఆయన పోయేనాటికి నలుగురు పిల్లల తల్లి, వ్యాపారం తెలియదు, దేశమంతా మాంద్యం. అలాంటి వేళ చెల్లెలు ఎడ్నాతో కలిసి సిండికేట్‌ను చేతుల్లోకి తీసుకున్నారు. కథల రూపురేఖలు తయారుచేశారు, రచయితలకు వివరంగా సూచనలు పంపారు. 1953లో మిల్‌డ్రెడ్ చివరి నాన్సీ నవల వచ్చింది. ఆ తర్వాతి పుస్తకాలు చాలామటుకు హ్యారియెట్ స్వయంగా రాశారు. ఆమె సంస్థను నిలబెట్టకపోతే నాన్సీ పేరు ఈ రోజు మనకు తెలిసేదే కాదు.

దిద్దుబాటు

1959 నుంచి హ్యారియెట్ ఆధ్వర్యంలో పాత నవలలను తిరగరాయడం మొదలైంది. అందులో న్యాయమైన కారణం ఉంది. పాత పుస్తకాల్లో నల్లజాతివారినీ ఇతర జాతులవారినీ కించపరిచే చిత్రణలుండేవి. వాటిని తొలగించాలని ప్రచురణకర్తలు కోరారు. కానీ దిద్దుబాటు అక్కడితో ఆగలేదు. ఇరవై ఐదు అధ్యాయాలు ఇరవైకి తగ్గాయి. నాన్సీ వయసు పద్దెనిమిదికి పెరిగింది, దురుసుతనం తగ్గి మర్యాద పెరిగింది. కొన్ని కథలైతే పేరు తప్ప పూర్తిగా మారిపోయాయి. మొదటి 34 నవలలూ ఇలా కొత్త రూపం దాల్చాయి. ఈ ఏళ్లలోనే హ్యారియెట్ మొదటి నుంచీ అన్నీ రాసింది తానేనని పత్రికలవాళ్లతో చెప్పడం మొదలుపెట్టారు.

1979లో ఆమె కొత్త నవలల్ని సైమన్ అండ్ షుస్టర్ సంస్థకు ఇచ్చారు. గ్రాసెట్ దావా వేసింది. సిరీస్‌ను హ్యారియెట్ ఒక్కరే సృష్టించలేదని చూపడానికి గ్రాసెట్ లాయర్లు మిల్‌డ్రెడ్‌ను పిలిపించారు. పాత ఒప్పందాలు, ఉత్తరాలు కోర్టు ముందుకొచ్చాయి. తన నాన్సీ వేరు, ఆడమ్స్ గారి నాన్సీ వేరు అని మిల్‌డ్రెడ్ సూటిగా చెప్పారు. అచ్చయిన పాత పుస్తకాల గట్టి అట్ట ముద్రణలు గ్రాసెట్‌కు, కొత్తవి ఎవరికివ్వాలో నిర్ణయించే స్వేచ్ఛ సిండికేట్‌కు అని తీర్పొచ్చింది. హ్యారియెట్ 1982లో మరణించారు. రెండేళ్లకు సిండికేట్‌ను సైమన్ అండ్ షుస్టర్ కొనేసింది.

పాఠకుల పట్టుదల

కోర్టు తీర్పు వ్యాపారానికి సరిపోయింది, చరిత్రకు సరిపోలేదు. ఆ పని అభిమానులు చేశారు. పాత ప్రతులు సేకరించేవాళ్లు అట్ట వెనకున్న పుస్తకాల జాబితా చూసి ఏ ముద్రణ ఏ ఏడాదిదో తేల్చడం నేర్చుకున్నారు. కోర్టు గొడవకు చాలా ముందే మిల్‌డ్రెడ్ ఆచూకీ పట్టుకున్న ఒక అభిమాని ఆమె రచనల గురించి ఏళ్ల తరబడి వ్యాసాలు రాశారు. అభిమానుల్లోనూ రెండు పక్షాలున్నాయి. పాత నాన్సీయే నాన్సీ అనేవాళ్లు కొందరు, తమ చిన్నతనంలో దొరికిన పసుపు అట్టల కొత్త ప్రతుల మీదే ప్రాణం పెట్టుకున్నవాళ్లు కొందరు. 1991 నుంచి ఆపిల్‌వుడ్ సంస్థ పాత మూలాలను ఉన్నవి ఉన్నట్టు మళ్లీ అచ్చువేయడంతో రెండు పాఠాలూ పక్కపక్కన పెట్టి చదివే వీలు కలిగింది.

1993లో అయోవా విశ్వవిద్యాలయం నాన్సీ డ్రూ మీద సదస్సు పెట్టి మిల్‌డ్రెడ్‌ను సత్కరించింది. సిండికేట్ కాగితాలు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీకి చేరాయి. టొలీడో బ్లేడ్ పత్రికకు చివరిదాకా రాస్తూనే ఉన్న ఆమె 2002లో, 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. 130కి పైగా పుస్తకాలు రాసిన ఆమెకు అన్నింటికన్నా ఇష్టమైనవి మాత్రం నాన్సీ కథలు కావు. తన సొంత పేరుతో రాసిన పెన్నీ పార్కర్ నవలలు.

సాండ్రా డే ఓ'కానర్, రూత్ బేడర్ గిన్స్‌బర్గ్, సోనియా సోటోమయోర్ ముగ్గురూ చిన్నప్పుడు నాన్సీని ఇష్టంగా చదివినవారే. ముగ్గురూ అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులయ్యారు. హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లోనూ నాన్సీ కనిపిస్తుంది. స్త్రీల నవలలకు గిరాకీ ఉన్న రోజుల్లో మగవాళ్లు ఆడపేర్లతో రాయడం తెలుగువాళ్లూ చూశారు. ఒకరు రాసింది ఇంకొకరి పేరున అచ్చవడమూ మనకు కొత్త కాదు. అందుకే ఈ కథ మనకూ పాఠమే.

ఎడ్వర్డ్ ఊహించారు, మిల్‌డ్రెడ్ ప్రాణం పోశారు, హ్యారియెట్ కాపాడి పెంచారు. ముగ్గురికీ చోటున్న కీర్తి అది. ఒక్కరే అంతా చేశామని చెప్పుకోవడం దగ్గర తప్పు జరిగింది. ఆ మాట చెల్లుబాటయ్యేలా రాసిన చేయిని దాచిపెట్టిన ఒప్పందంలో అంతకన్నా పెద్ద తప్పుంది. పుస్తకాన్ని ప్రేమించే పాఠకుడు కథతో సరిపెట్టుకోకుండా రాసినవాళ్లెవరని కూడా అడగాలి. నాన్సీ పాఠకులు ఆ ప్రశ్న వదల్లేదు కాబట్టే మిల్‌డ్రెడ్ తన పేరును బతికుండగానే అందుకోగలిగారు.