నడుము ఆపరేషన్‌కు రెండు స్కాన్‌లు ఎందుకు?



"ఎంఆర్‌ఐ తీశాం కదా, మళ్లీ సీటీ ఎందుకు? డబ్బు గుంజడానికా?" మనలో అరవై దాటినవాళ్లు నలుగురు కూడితే ఈ ప్రశ్న వస్తుంది. ఆ అనుమానం ఒక్కోసారి నిజం కావచ్చు. కానీ రెండూ నిజంగా కావలసిన సందర్భం కూడా ఉంది. అది తెలియాలంటే కాస్త వెనక్కి పోవాలి.

మన పేట పుట్టిందే నడుము వంచి చేసే పని మీద. 1734లో గవర్నర్ మోర్టన్ పిట్ కాలంలో కుంపిణీవాళ్లు నేతగాళ్లను, నూలు వడికేవాళ్లను ఇక్కడ కాపురం పెట్టించారు. మేము బళ్లో చదివిన తమిళంలో 'తఱి' అంటే మగ్గం. చిన్న తఱి పేటే చింతాద్రిపేట అయిందంటారు. ఆనాటివాళ్లకు నడుము నొప్పి వస్తే కాపడం, తైలం, పట్టు. లోపల ఏముందో చూసే మార్గమే లేదు.

1895లో రాంట్‌జన్ ఎక్స్‌రే కనిపెట్టాడు. పేట పుట్టిన సరిగ్గా 200 ఏళ్లకు, 1934లో, కూవం అవతల మన జీహెచ్‌లో బర్నార్డ్ రేడియాలజీ సంస్థ మొదలైంది. అదే ఏడు అమెరికాలో బోస్టన్ డాక్టర్లు మిక్స్‌టర్, బార్ ఒక సంగతి తేల్చారు: తుంటి నుంచి కాలికి దిగే నొప్పికి చాలాసార్లు కారణం పూసల మధ్య డిస్కు జారి నరాన్ని నొక్కడమే. చిక్కేమిటంటే, ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది గానీ డిస్కూ నరమూ కనిపించవు. అందుకని వెన్నులోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీసేవాళ్లు. డాక్టరు నీడను చూసి లోపలి సంగతి ఊహించాలి.

మన వైపు 1949లో రాయవేలూరు సీఎంసీలో జేకబ్ చాండీగారు, 1950లో జీహెచ్‌లో బి. రామమూర్తిగారు నరాల శస్త్రచికిత్స విభాగాలు మొదలుపెట్టారు. ఆ రోజుల్లో పెద్ద కోత పెట్టి, కండరాలను పక్కకు తీసి, కళ్లారా చూసి చేసేవాళ్లు.

1971లో లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ చేసిన సీటీ యంత్రంతో మొదటి రోగి తల స్కాన్ తీశారు. 1977లో మనిషి శరీరానికి ఎంఆర్‌ఐ తీయగలిగారు. అదే ఏడు డిస్కు ఆపరేషన్‌కు మైక్రోస్కోపు వాడిన విషయం బయటికొచ్చింది. 1997లో ఫోలీ, స్మిత్ అనే అమెరికా డాక్టర్లు సన్నని గొట్టం గుండా డిస్కు ముక్క తీసే పద్ధతి చెప్పారు.

రెండు స్కాన్‌ల అవసరం ఇక్కడే వస్తుంది. కోత చిన్నదైతే డాక్టరు కళ్లకు కనిపించేదీ తక్కువే. ముందే అంతా తెలిసి ఉండాలి. సీటీ ఎముకను స్పష్టంగా చూపిస్తుంది, ఎంఆర్‌ఐ నరాన్నీ డిస్కునూ చూపిస్తుంది. పట్టాల ప్లాను మీద సిగ్నళ్ల ట్రేసింగ్ కాగితం పరిచినట్టు కంప్యూటరు ఒకదాని మీద ఇంకొకటి అమరుస్తుంది. రెండుసార్లు మనం పడుకున్న తీరు ఒకటి కాకపోతే వెన్ను వంపు మారుతుంది గనుక ఒక్కో పూసను విడిగా సరిపెట్టాలి. అప్పుడు ఏ ఎముక పక్కనుంచి పోతే నరానికి తగలకుండా డిస్కును చేరవచ్చో ముందే తెలుస్తుంది. అందరికీ ఇది అక్కర్లేదు. మామూలు డిస్కు ఆపరేషన్‌కు చాలాసార్లు ఎంఆర్‌ఐ చాలు. మరలు బిగించాల్సి వచ్చినా, ఎముక పెరిగి దారి ఇరుకైనా, పాత ఆపరేషన్ ఉన్నా సీటీ పనికొస్తుంది.

ఇంకో మాట. 1994లో అమెరికాలో నడుము నొప్పి లేని 98 మందికి ఎంఆర్‌ఐ తీస్తే, 52 శాతం మందికి ఎక్కడో ఒకచోట డిస్కు ఉబ్బి కనిపించింది. కాబట్టి రిపోర్టులో "బల్జ్" అని ఉందని హడలిపోవద్దు. మాలాగా జీవితమంతా ఆఫీసు కుర్చీలో కూర్చున్న రైల్వే గుమాస్తాలకు అది లేకపోతేనే ఆశ్చర్యం! మీ నొప్పీ, కాలి బలమూ, స్కాన్‌లో కనిపించిందీ మూడూ ఒకే చోటును చూపాలి.

పాత ఫిల్ములూ సీడీలూ పారేయకండి. రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకుపోకండి. రెండో స్కాన్ రాస్తే "దీనివల్ల కొత్తగా ఏం తెలుస్తుంది సార్?" అని అడగండి. సీటీలో ఎక్స్‌రే కిరణాలు ఉంటాయి గనుక అడగడంలో తప్పులేదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఎంఆర్‌ఐకి ముందే ఆ మాట చెప్పాలి. కాళ్లు పట్టు తప్పినా, ఒంటికీ రెంటికీ అదుపు పోయినా స్కాన్ లెక్కలు చూసుకుంటూ కూర్చోకుండా అదే పూట ఆస్పత్రికి వెళ్లండి.