పాతపాటలు – శ్రోతల తీర్పు



విశాఖపట్టణమున నోడరేవు 1933లో తెఱవబడెను. ఆకాశవాణి కేంద్రము 1963లో వెలసెను. ఉక్కు కర్మాగారము 1992లో జాతికి నంకితమయ్యెను. పనికై పల్లెలు విడిచి యిచట స్థిరపడినవారికి ప్రాత చలనచిత్ర గీతములు స్వగ్రామమును దలపించును. కావుననే “వానినే వినిపింపుడు, వానియందు పలుకు స్పష్టము” అని వృద్ధశ్రోతలందురు. “మా కాలపు పాటలకును చోటొసంగుడు” అని యువకులందురు. ఎవరి మాట చెల్లవలెను? చరిత్ర నడుగుదము.

1952లో కేంద్రమంత్రియగు బి.వి. కేస్కరుగారు, చలనచిత్ర గీతములు ప్రజల సంగీతాభిరుచిని చెఱచునని తలంచి, ఆలిండియా రేడియోలో వానిని మిక్కిలి తగ్గింపించిరి. శాస్త్రీయ సంగీతము వృద్ధి పొందవలెనను వారి కోరిక మంచిదే. కాని శ్రోతలు వాదమునకు దిగలేదు. మీట త్రిప్పి సింహళ రేడియో వినసాగిరి. తుదకు 1957 అక్టోబరులో ప్రభుత్వమే వివిధభారతిని నెలకొల్పి, యా గీతములకు మరల తావొసంగెను. గెలిచినది శ్రోతల తీర్పు.

ఆనాడు క్రొత్తవియై యుండిన “మల్లీశ్వరి” (1951), “దేవదాసు” (1953) చిత్రముల గీతములే నేడు పెద్దలు కోరి వినునట్టి ప్రాతపాటలు. నేటి మనుమని పాటలలో నేవి నిలుచునో కాలమే తేల్చును. వానిని వలదని త్రోసిపుచ్చినచో, మనుమడును మీట త్రిప్పును. దానికంటె, మీరు మెచ్చిన పాటలో పలుకెట్లు పొదిగిరో, రాగమెట్లు నడచెనో వానిని కూర్చుండబెట్టి చెప్పుడు. తీర్పు చెప్పు చెవి యట్లు పెరుగును.