ఆవకాయ గడువు: చిలకలూరిపేట సీమలో ఏటి పచ్చళ్ల పని

మిరప అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు వర్తకుల ద్వారా 16వ శతాబ్దంలో ఈ ఉపఖండానికి చేరింది కనుక, ఎర్రకారం కలిపే ఆవకాయను తరతరాల ఆస్తిగా ఎంత చెప్పుకున్నా అది అంతకు ముందుది కాజాలదు. అయితే చిలకలూరిపేట చుట్టుపక్కల ఈ పచ్చడి చుట్టూ అల్లుకున్న పనితీరు, నేటి కార్యాలయాల్లో ప్రాజెక్టు నిర్వహణ అని పిలిచే విద్యకు ఏమాత్రం తీసిపోదు.

నల్లరేగడి చేలలో మిరపకోతలు సంక్రాంతి దాటాక ముమ్మరమై, కాయ కళ్లాల్లో ఎండి, ఎండలు ముదిరేనాటికి ఇళ్లకు చేరేది; చినగంజాం వైపు కొటార్లలో పండిన కల్లుప్పునూ, గానుగాడిన నువ్వుల నూనెనూ ముందే సమకూర్చుకునేవారు. ఇవన్నీ కొన్ని వారాలు ఆగగలిగిన సరుకులే. మామిడికాయ మాత్రం ఆగదు: టెంక ముదరాలి, కండ పండుబారకూడదు, తొలకరి జల్లు పడకూడదు, కోసిన కాయను ఆ పూటే తడి లేకుండా తుడిచి, ముక్కలు కొట్టి, లోపలి జీడి తీసి కలిపేయాలి. అందువల్ల కారం దంచడం, ఆవాలు ఎండబెట్టి పొడి చేయడం, జాడీలు కడిగి ఆరబెట్టడం వంటి పనులన్నిటినీ మామిడి రోజు నుంచి వెనక్కి లెక్కించి నిర్ణయించేవారు. ఇలా ఏ ఒక్క పని ఆలస్యమైనా మొత్తం కార్యమే ఆలస్యమయ్యే పనుల వరుసను ప్రాజెక్టు నిర్వహణలో కీలక మార్గం అంటారు, ఇక్కడ అది మామిడి పనే; అమెరికాలో డ్యూపాంట్, రెమింగ్టన్ రాండ్ సంస్థల నిపుణులు 1957 ప్రాంతంలో దీన్ని గణితబద్ధం చేశారు.

కొలతల్లోనూ ఒక మెలకువ ఉంది. కాయలను లెక్కపెట్టి ఊరుకోక, ముక్కలనూ ఉప్పు, కారం, ఆవపిండినీ ఒకే సోలతోనో తవ్వతోనో కొలిచేవారు గనుక, కాయలు పెరిగినా తగ్గినా పాళ్లు చెడేవి కావు. మూడోనాడు జాడీ విప్పి తిరగకలిపి, ఊట ఏపాటి వచ్చిందో చూసి, ఉప్పు చాలకపోతే అప్పుడే సరిచేసేవారు. ఆ తర్వాత దిద్దుబాటు దాదాపు అసాధ్యం.

ఈ పనుల పెత్తనం ఇంటి పెద్దావిడదే అయినా, ఎండలో మిరపకాయల తొడిమలు తీసి, ఘాటుకు తుమ్ముతూ రోకలి వేసింది చాలాచోట్ల కూలి స్త్రీలు. మడి పాటించే ఇళ్లలో కలిపిన జాడీని ముట్టుకునే హక్కు వారికి ఉండేది కాదు, పచ్చడి రుచికి పేరూ వారికి దక్కలేదు. తర్వాత వచ్చిన కారం మిల్లులు ఆ దంపుడును ఒక పూట పనిగా కుదించాయి. నిజానికి అది ముందు నుంచీ వారం అటూ ఇటూ జరపగలిగిన పనే. మామిడి రోజు హడావిడిని మిల్లులు ఏమీ తగ్గించలేదు.