జోడెద్దులు ఎవరివి? – సాదిక్ అలీ కేసు (1971)

1967 వరకు జరిగిన నాలుగు సాధారణ ఎన్నికలలోనూ కాంగ్రెస్ గుర్తు జోడెద్దులని మీకు తెలుసు. 1951 జనాభా లెక్కల నాటికి దేశంలో అక్షరాస్యులు నూటికి సుమారు 18 మంది. తొలి ఎన్నికలలో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె ఉంచి, దానిపై గుర్తు అంటించారు. పేరు చదవలేని రైతుకు ఆ ఎద్దుల బొమ్మే పార్టీ. అందుకే పార్టీ చీలినప్పుడు తగాదా ఆ బొమ్మ మీదికి వచ్చింది.

చీలికకు తక్షణ కారణంలో తెలుగువారి పాత్ర కూడా ఉంది. 1969 రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ప్రధాని ఇందిరాగాంధీ మాత్రం అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయమన్నారు. గెలిచినది వి.వి. గిరి. నవంబరు 12న పార్టీ అధ్యక్షుడు నిజలింగప్ప ఇందిరను బహిష్కరించారు. డిసెంబరులో ఒక వర్గం అహమ్మదాబాదులోను, మరొకటి జగ్జీవన్‌రామ్ అధ్యక్షతన బొంబాయిలోను మహాసభలు జరిపి, ఎవరికి వారు తామే అసలు కాంగ్రెస్ అని ప్రకటించుకున్నాయి.

ఇటువంటి తగాదాను తీర్చే అధికారాన్ని 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వు, 15వ పేరా, ఎన్నికల సంఘానికి ఇచ్చింది. ఆశయాల ప్రకారం చూస్తే రెండు వర్గాలూ కాంగ్రెస్సే. పార్టీ నిబంధనావళిని చూసినా తగాదా తేలలేదు. ఇక మిగిలినది తలల లెక్క. చట్టసభల సభ్యులలోను, ఏఐసీసీలోను ఆధిక్యం జగ్జీవన్‌రామ్ వర్గానిదని తేల్చి, 1971 జనవరి 11న సంఘం దానినే కాంగ్రెస్‌గా గుర్తించింది. చందా కట్టిన మామూలు సభ్యుడి అభిప్రాయం ఈ లెక్కలోకి రాలేదన్నది గమనించండి. నా దృష్టిలో ఈ పద్ధతిలోని అసలు లోపం అదే.

రెండవ వర్గం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కోర్టు స్టే ఇవ్వడంతో మార్చి ఎన్నికలలో జోడెద్దులు ఎవరికీ దక్కలేదు. ఇందిర వర్గం ఆవు-దూడ గుర్తుతో 352 లోక్‌సభ స్థానాలు, రాట్నం వడికే స్త్రీ గుర్తుతో పోటీచేసిన వర్గం 16 స్థానాలు గెలిచాయి. సుప్రీంకోర్టు తుది తీర్పు నవంబరు 11న వచ్చింది. అప్పటికి ఓటరు తన తీర్పు చెప్పి ఎనిమిది నెలలయింది.

ఎన్నికల సంఘం నిర్ణయాన్ని కోర్టు సమర్థించింది. గుర్తు అన్నది అన్నదమ్ములు పంచుకునే ఆస్తి వంటిది కాదనీ, దానిని ఒక వర్గానికే ఇవ్వాలనీ చెప్పింది. చాలామంది విద్యార్థులు ఇక్కడ పొరపడి, కోర్టు పార్టీ ఆస్తులను పంచిందని రాస్తుంటారు. కోర్టు ముందున్న ప్రశ్న గుర్తు గురించి మాత్రమే.

1978 జనవరిలో కాంగ్రెస్ మళ్లీ చీలింది. ఆవు-దూడ గుర్తునూ స్తంభింపజేశారు. ఫిబ్రవరిలో జరిగిన ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికలలో ఇందిరా కాంగ్రెస్ 294 స్థానాలలో 175 గెలిచింది. అప్పటికి హస్తం గుర్తు ఓటరుకు పరిచయమై కొద్ది వారాలే.